పొంగిన పిండికి సంజాయిషీ

దశదిశ మహామార్ట్ వారు కాగితాన్ని నిషేధించిన ఉదయాన, కాకినాడ జగన్నాథపురంలో నూకరత్నం ఎప్పటిలాగే మినప్పప్పు కడుగుతోంది. నిషేధం సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పే పద్ధతి కూడా ఆ ఉదయమే మారిపోయింది.

నూకరత్నం ఇడ్లీ పిండీ అట్ల పిండీ రుబ్బి అమ్ముతుంది. మొదట్లో స్టీలు బకెట్టు పట్టుకుని వీధులు తిరిగేది. తోడికోడలు సత్యవేణి ఇంటరు చదివిన పిల్ల. ఆమె వచ్చి కలిశాక పాకెట్లు కట్టడం మొదలైంది. నూకరత్నం భర్త వీర్రాజు ఆటోలో వాటిని దుకాణాలకు చేరవేసేవాడు. ఆ పిండితో పోసిన ఇడ్లీ తిన్నవాడు మర్నాడు మళ్ళీ అడిగేవాడు. వ్యాపార రహస్యం అంతకు మించి ఏమీ లేదు.

మెయిన్ రోడ్డు మీద దశదిశ వారి శాఖ తెరిచాక, మేనేజరు బాపినీడు ఆ పిండి రుచి చూసి స్వయంగా ఇంటికొచ్చాడు. మార్టు గుమ్మం పక్కనే ఉండే పెద్ద ఫ్రిజ్‌లో పై అర మొత్తం మీకే ఇస్తామన్నాడు. బదులుగా ఒక ఒప్పందం రాయించుకున్నాడు. నూకరత్నం రుబ్బే పిండి అంతా దశదిశకే చెందుతుంది, బయట ఒక్క గరిటె కూడా అమ్మకూడదు. ఆమె ఒప్పుకుని పెద్ద గ్రైండర్లు కొంది. వీధిలో ఇద్దరు ఆడవాళ్ళను పనిలో పెట్టుకుంది.

ఆ తర్వాత వ్యాపారం ఫోను మీద నడిచింది.

"రత్నంగారూ, రేపు ఏకాదశండి. టిఫిన్ల గిరాకీ. కాస్త ఎక్కువ పంపండి," అనేవాడు బాపినీడు.

"ఆయ్, పంపుతానండి," అనేది నూకరత్నం.

పిండి వెళ్ళేది. బాపినీడు చీటీ మీద సంతకం పెట్టేవాడు. ఇంత అనాగరికంగా వ్యాపారం నడుస్తోందని హైదరాబాదులోని ప్రధాన కార్యాలయానికి ఆలస్యంగా తెలిసింది. తెలిసిన వెంటనే వారు 'మైత్రీసేతు' అనే పోర్టల్‌ను ప్రారంభించారు.

చిన్న సరఫరాదారులందరినీ కాకినాడలో ఒక ఫంక్షన్ హాలుకి పిలిచారు. వేదిక మీదకు చామర్తి తేజోమూర్తి వచ్చాడు. ఆయన పత్ర వినిమయ విభాగానికి అధిపతి. మెడలో గుర్తింపు కార్డు, చెవి నుంచి బుగ్గ మీదికి సాగిన మైకు, ముఖంలో అప్పుడే ఏదో కనిపెట్టినవాడి వెలుగు ఉన్నాయి.

"మిత్రులారా! ఇవాళ్టి నుంచి మీరు చిల్లర వ్యాపారులు కారు. మా ఎకోసిస్టమ్‌లో మీరు నోడ్‌లు!"

నూకరత్నం పక్కకు వంగింది. "నోడంటే ఏంటే, సత్తీ?"

"ముడి అక్కా."

"ముడులా మనం? సరేలే, వినుకో."

తేజోమూర్తి వివరించాడు. మార్టు నుంచి ఆర్డరు పత్రం వస్తుంది. సరఫరాదారు అంగీకార పత్రం పంపాలి. బండి కదిలే ముందు రవాణా సూచన పంపాలి. సరుకు చేరితే మార్టు వారు స్వీకార పత్రం ఇస్తారు. దాని మీద బిల్లు పెట్టాలి. ఇవన్నీ కంప్యూటర్లోనో ఫోన్లోనో జరగాలి. ప్రతి పత్రం అందాక, అందింది అని అవతలివారు తెలపాలి. అలా తెలిపింది అందిందని ఇవతలివారు మళ్ళీ తెలపాలి.

పిఠాపురం నుంచి వచ్చిన చీపుళ్ళ వ్యాపారి లేచి నిలబడ్డాడు. "సార్, ఎప్పుడైనా ఓ కట్ట తక్కువైతే మేనేజరుగారికి ఫోన్ చేసి చెప్పేవాణ్ణండి. ఇప్పుడెవరికి చెప్పాలండి?"

తేజోమూర్తి దయగా నవ్వాడు. "చెప్పడం అనే ప్రక్రియను మనం తొలగించాం."

చప్పట్లు మోగాయి. ముందు వరుసలో కూర్చున్నవారు కంపెనీ ఉద్యోగులు.

నూకరత్నం చెయ్యెత్తింది. "బాబుగారూ, మాది పిండండి. రుబ్బాక పొంగుద్దండి. మీ పత్రాలు అందేదాకా ఆగమంటే అది ఆగదండి."

"అద్భుతమైన పరిశీలన," అన్నాడు తేజోమూర్తి. పక్కనున్న సహాయకురాలి వైపు తిరిగి, "నోట్ చేయండి," అన్నాడు. ఆమె నోట్ చేసింది. ఏం రాసిందోనని సత్యవేణి వేదిక దగ్గరికి వెళ్ళి మెడ సాచి చూసింది. 'పొంగు: వచ్చే త్రైమాసికంలో పరిశీలించవలెను' అని ఉంది.

మధ్యాహ్నం భోజనంలో అప్పడాలు లేవు. వాటి ఆర్డరు పత్రం ఇంకా అంగీకారం పొందలేదని వడ్డించేవాళ్ళు చెప్పుకున్నారు.

పోర్టల్‌లో అసలు వ్యాపారం మొదలుపెట్టే ముందు సరఫరాదారులు అభ్యాస దశ దాటాలి. అంటే మార్టు వారు ఉత్తుత్తి ఆర్డరు పంపుతారు. సరఫరాదారు ఉత్తుత్తి రవాణా సూచన పంపాలి. వారు ఉత్తుత్తిగా పుచ్చుకుంటారు. పత్రాల్లో తేడా లేకపోతే ఉత్తీర్ణులు.

మొదటి అభ్యాస ఆర్డరు లారీలకు సరిపడా పిండి అడిగింది. సత్యవేణి ఫోనులో అది చదవగానే నూకరత్నం పీట మీద కూలబడింది.

"ఇంత పిండి ఏ సముద్రంలో కలపాలే, తల్లీ!"

"ఉత్తుత్తినేలే అక్కా. చిన్నప్పుడు లక్కపిడతలతో వండి వడ్డించలా? అలాగే."

"అప్పుడు ఇసకైనా పోసేవాళ్ళం కదే!"

సత్యవేణికి ఆ పని బాగా పట్టుబడింది. ఆర్డరు రావడమే తరువాయి, అంగీకారం కొట్టేది. అంగీకారం అందగానే రవాణా సూచన పంపేది. అన్నం ఉడికేలోపు లారీల కొద్దీ పిండి హైదరాబాదు దాకా వెళ్ళి వచ్చేది. తేడా శూన్యం. వారం తిరక్కుండానే యోగ్యతా పత్రం వచ్చింది. దాని మీద బంగారు నక్షత్రం తిరుగుతూ ఉంది. నూకరత్నం ఆ ఫోను దేవుడి పటం ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంది. ఏమైనా అది చదువుకు వచ్చిన ఫలం కదా.

మర్నాటి నుంచి అసలు దశ.

వీర్రాజు ఆటో నిండా పాకెట్లు సర్ది తెల్లవారగానే మార్టు వెనక గేటుకి చేర్చాడు. లెక్క చూపించడానికి నూకరత్నం వెంట వెళ్ళింది. గేటు దగ్గర పోలినాయుడు కాపలా ఉన్నాడు. రోజూ ఆమెను 'అమ్మా' అని పలకరించే మనిషి. చేతిలో కొత్తగా పలక లాంటి యంత్రం ఉంది. దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు.

"మీరింకా రాలేదమ్మా."

"ఏంటయ్యా?"

"సిస్టంలో మీరింకా రాలేదు. రవాణా సూచన కనబడ్డం లేదు."

"సత్తి చీకట్నే పంపేసింది. ఎదరే ఉన్నాను కదా నాయుడూ, ఆటో ఉంది, పిండుంది!"

పోలినాయుడు ఇబ్బందిగా చూశాడు. "నాకు కనబడుతున్నారమ్మా. దీనికి కనబడాల గదా. రాని బండికి గేటు తీస్తే నా ఉద్యోగం పోద్ది."

వీర్రాజు సత్యవేణికి ఫోన్ చేశాడు. సూచన పంపిన మాట నిజమేననీ, అది హైదరాబాదు చేరి అక్కడ 'ప్రక్రియలో ఉంది' అని చూపిస్తోందనీ ఆమె చెప్పింది. కాకినాడ ఇంటి నుంచి కాకినాడ గేటుకి కబురు హైదరాబాదు మీదుగా రావాలి. ఆటో నాలుగు వీధులు దాటి వచ్చేసింది.

ఎండ ఎక్కింది. పాకెట్లు ఉబ్బడం మొదలెట్టాయి. ముందు దిండ్లలా, తర్వాత బుంగమూతి పెట్టిన పిల్లల్లా అయ్యాయి. నూకరత్నం తడిగుడ్డ కప్పింది. కొంగుతో విసిరింది. ఒక పాకెట్ 'టప్' మని పగిలి వీర్రాజు చొక్కా మీద చిందింది. అంతలో బాపినీడు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"లోపల జనం పిండి అడుగుతున్నారు రత్నంగారూ!"

"తీసుకోండి బాబూ, ఇదిగో!"

ఆయన చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కు తీసుకున్నాడు. "తీసుకోకూడదండి. మీరింకా రాలేదు కదా."

మధ్యాహ్నం దగ్గరపడ్డాక యంత్రం 'టింగ్' మంది. నూకరత్నం అధికారికంగా వచ్చింది. పాకెట్లను కొలిచే యంత్రం కింద పెట్టారు. రవాణా సూచనలో రాసిన దళసరి ఒకటి, ఇప్పుడు కొలిస్తే వచ్చింది మరొకటి. పంపినదానికంటే సరుకు ఎక్కువ వచ్చిందని యంత్రం తేల్చి, మొత్తం తిరస్కరించింది. ఇంటికి చేరేసరికి సంజాయిషీ నోటీసు ఫోనులో ఎదురుచూస్తోంది. సత్యవేణి చదివి వినిపించింది.

"'మీరు పంపని సరుకును మాకు ఎందుకు పంపారో తెలుపగలరు.'"

"పులిసిందని రాయవే."

కారణాల పట్టీలో లారీ బోల్తా ఉంది. తుపాను ఉంది. దొంగతనం ఉంది, యుద్ధం ఉంది. పులియడం లేదు. సత్యవేణి చాలాసేపు ఆలోచించి తుపాను నొక్కింది. ఆ రోజు ఆకాశం అద్దంలా ఉంది. 'సంజాయిషీ అంగీకరించబడింది, మీ కుటుంబ క్షేమాన్ని కోరుతున్నాం' అని జవాబొచ్చింది.

తిరస్కరించిన పిండిని ఏం చెయ్యాలి? బయట అమ్మితే ఒప్పందం తప్పినట్టు. వీధివాళ్ళకు ఊరికే పంచారు. మిగిలింది పుల్లబారిపోయింది. వీర్రాజు దాన్ని ఉప్పుటేరు వైపు తీసుకెళ్ళాడు. నూకరత్నం వెళ్ళలేదు. ఆమె ఇంత కాలంలో నీళ్ళు ఎక్కువై పాడుచేసుకున్న పిండి ఉంది, కరెంటు పోయి చెడిన పిండి ఉంది. బాగున్న పిండిని పారబోయడం ఇదే మొదలు.

"పెట్టే చేత్తో పారబొయ్యమంటే ఎలాగే సత్తీ," అంది. అని, ఆ పూట అన్నం తినలేదు.

తర్వాతి రోజులూ అలాగే నడిచాయి. ఒకరోజు పిండి తక్కువ పొంగింది, అది కొరత. ఒకరోజు ఎక్కువ పొంగింది, అది ఆక్రమణ. పొంగకుండా ఉండాలని ఐసు గడ్డల మధ్య పంపితే పాకెట్ల మీద తడి చేరి, బార్‌కోడ్ గీతలు చెరిగి, ఆ పిండి ఎవరిదో యంత్రానికి అర్థం కాలేదు. సత్యవేణి తుపాన్ల మీద తుపాన్లు సృష్టించింది. ఆ నెలలో కాకినాడను తాకిన తుపాన్లను చూసి దశదిశ వారి సామాజిక బాధ్యతా విభాగం దుప్పట్లు పంపింది. దుప్పట్లకు రవాణా సూచన లేనందున అవి గేటు దగ్గరే ఆగిపోయాయి.

చివరికి తేజోమూర్తి వీడియోలో సమీక్ష పెట్టాడు. ఒక గడిలో ఆయన, ఒక గడిలో ఆయన సహాయకురాలు, ఒక గడిలో తోడికోడళ్ళిద్దరు. సగానికి పైగా తెర మీద నూకరత్నం నుదురే కనిపిస్తోంది.

"మీ అభ్యాస దశలో పత్రాల పొంతన నూటికి నూరు. అసలు దశలో అధోగతి. అదే పోర్టల్, అదే సరఫరాదారు, అవే పత్రాలు. రెండింటికీ ఉన్న తేడా ఏమిటి? మేం లోతైన విశ్లేషణ చేయించాం." తేజోమూర్తి ఆగి, సహాయకురాలి వైపు చూశాడు. "చెప్పండి."

"సరుకు, సర్," అంది ఆమె.

"సరుకు!" అన్నాడు తేజోమూర్తి. "పొంతన ఎక్కడ చెడుతోందో కనిపెట్టాం. సరుకు ప్రవేశించిన చోట చెడుతోంది."

నూకరత్నం ఫోనుకి దగ్గరగా జరిగింది. ఇప్పుడు తెర నిండా ఆమె కళ్ళే. "సరుకు లేకపోతే యాపారం ఎలాగండి బాబూ?"

"మిమ్మల్ని మళ్ళీ అభ్యాస దశకు పంపుతున్నాం. స్కోరు స్థిరపడేవరకు సరుకు పంపవద్దు. పత్రాలు మాత్రం ఆపవద్దు."

గ్రైండర్లు ఆగాయి. సత్యవేణి వేళ్ళు మాత్రం ఆగలేదు. రోజూ ఆర్డరు వచ్చింది. రోజూ పిండి వెళ్ళింది, చేరింది, ముట్టింది. ఒక్క పాకెట్ పగల్లేదు. ఒక్క గ్రాము పొంగలేదు. బంగారు నక్షత్రం మళ్ళీ తిరగడం మొదలెట్టింది. దానితోపాటు చెల్లింపు సూచనలు కూడా రాసాగాయి. వీర్రాజు సంతోషంగా బ్యాంకుకి వెళ్ళి, ఆలోచిస్తూ తిరిగొచ్చాడు.

"డబ్బేమీ రాలేదంట. ఇస్తామని తెలిపారంట, అంతే. అందిందని మనం తెలపాలంట," అన్నాడు.

"తెలిపేశాను బావగారూ," అంది సత్యవేణి.

సరుకు లేని సరఫరాకు సొమ్ము లేని చెల్లింపు. న్యాయం విషయంలో మైత్రీసేతు ఎవరికీ వంక పెట్టే సందు ఇవ్వలేదు.

ఈ ఫలితాలు చూసి ప్రధాన కార్యాలయం ఉప్పొంగిపోయింది. చీపుళ్ళవారినీ అప్పడాలవారినీ కొబ్బరినూనెవారినీ ఒకరి తర్వాత ఒకరిని అభ్యాస దశకు మార్చారు. కాకినాడ శాఖలో అరలు ఖాళీ అవుతున్న కొద్దీ శాఖ స్థానం పైకి ఎగబాకింది. బాపినీడు బల్ల మీద 'ఉత్తమ పొంతన' జ్ఞాపిక వెలిసింది. ఆయన తలవెంట్రుకలు రాలడం మొదలైంది కూడా అప్పుడే.

ఒక సాయంత్రం పింఛను తీసుకునే మాస్టారొకాయన ఫ్రిజ్ తలుపు తీసి చూసి, బాపినీడును పిలిచాడు.

"అట్ల పిండి లేదా?"

"ఉందండి. ఇవాళ ఉదయమే వచ్చింది." బాపినీడు కంప్యూటరు తిప్పి చూపించాడు. నిజంగానే వచ్చింది.

"అయితే ఒకటివ్వు."

"అది... ఇందులో ఉందండి."

మాస్టారు తెరనూ ఖాళీ అరనూ మార్చి మార్చి చూశాడు. "మా ఇంట్లో పెనం మాత్రం నిజందే ఉంది, నాయనా," అనేసి వెళ్ళిపోయాడు.

ఇక్కడ జగన్నాథపురంలో, పనిచేసే ఆడవాళ్ళిద్దరూ రోజూ వచ్చి అరుగు మీద కూర్చుని వెళుతున్నారు. వాళ్ళకేసి చూడలేక నూకరత్నం పెరట్లోకి వెళ్ళిపోతోంది. పిండి అంటని చేతులు ఆమెకు తనవిలా లేవు. ఒక ఉదయం ఆమె పప్పు నానబోసింది.

"ఎవరికక్కా?" అంది సత్యవేణి.

"తినేవాళ్ళకి."

"ఒప్పందం ఉందక్కా! బయటమ్మితే కోర్టుకీడుస్తారు."

"ఈడవనీ. కోర్టులో అయినా మనుషులుంటారు. నేనొచ్చానో రాలేదో కళ్ళతో చూసి చెబుతారు."

సాయంత్రం ఆటో మార్టు ఎదర, రోడ్డుకి అవతల ఆగింది. స్టీలు గంగాళంలో పిండి, పైన తడిగుడ్డ. నూకరత్నం కేకెయ్యనవసరం లేకపోయింది. మార్టులోంచి ఖాళీ సంచులతో బయటికొచ్చేవాళ్ళు గంగాళాన్ని చూసి రోడ్డు దాటారు. మర్నాడు గిన్నెలు తెచ్చుకున్నారు. మూడో రోజుకి చీపుళ్ళ ఆయన పిఠాపురం నుంచి వచ్చి పక్కన చీపుళ్ళు పేర్చాడు. అప్పడాలవాళ్ళు ఆ పక్కన బుట్ట దించారు. పోలినాయుడు ఉద్యోగం దిగాక క్యారేజీ గిన్నె పట్టుకుని వరసలో నిలబడ్డాడు. ఇప్పుడామె అతనికి బాగానే కనబడుతోంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే తేజోమూర్తి కాకినాడ వచ్చాడు. దేశమంతటా ఉన్న దశదిశ సరఫరాదారుల్లో అత్యుత్తమ నోడ్‌గా నూకరత్నాన్ని ఎంపిక చేశారు. ఆమెకు శాలువా కప్పాలని కారు దిగి, రోడ్డుకి అవతల గుంపు చూశాడు. గుంపు మధ్యలో అత్యుత్తమ నోడ్ గరిటెతో పిండి కొలుస్తోంది.

ఆయన శాలువా చంకలో పెట్టుకుని రోడ్డు దాటాడు.

"ఏమిటిది? మీ పిండి అంతా మాకే చెందాలి. ఒప్పందం మర్చిపోయారా?"

నూకరత్నం గరిటె ఆపింది. సత్యవేణి ముందుకొచ్చింది. ఫోను తీసి చూపించింది.

"మా పిండంతా మీకే ఇచ్చేశాం సార్. ఇవాళ ఉదయం కూడా ముట్టిందని మీరే తెలిపారు. ఇదిగోండి."

తేజోమూర్తి చూశాడు. ముట్టింది. పొంతన నూటికి నూరు. కింద ఆయన విభాగం ముద్ర ఉంది.

"అది అభ్యాసం..." అనబోయి ఆగాడు. అభ్యాసమని ఒప్పుకుంటే జ్ఞాపికలు, స్థానాలు, డైరెక్టర్ల ముందు చూపించిన పటాలు అన్నీ అభ్యాసమే అవుతాయి. ఆయన గబగబా తన పలక తీసి ఒప్పంద ఉల్లంఘన పత్రం తెరిచాడు. సరఫరాదారు పేరు పెట్టాడు. మాకు అందకుండా బయటికి పోయిన సరుకు ఎంత అని గడి అడిగింది. ఆయన గంగాళం చూసి అంకె కొట్టాడు. పోర్టల్ క్షణం ఆలోచించి ఎర్రగా జవాబిచ్చింది: 'ఈ సరఫరాదారు సరుకంతా మాకు అందినది. అందని సరుకు ఉండుటకు వీలులేదు.'

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే జవాబు. చుట్టూ గిన్నెలు పట్టుకున్న జనం చూస్తున్నారు. ఇప్పుడు రెండే దారులు. పోర్టలైనా అబద్ధం కావాలి, గంగాళమైనా అబద్ధం కావాలి.

ఆయన గంగాళం మీదికి వంగాడు. "అమ్మా, ఒకవేళ... ఇది పిండి కాకపోవచ్చేమో?"

సత్యవేణి నూకరత్నం చేతిని నొక్కింది. కాదని ఒక్క మాటంటే అన్నీ తీరిపోతాయి. కేసుండదు, కోర్టుండదు.

నూకరత్నం చెయ్యి విడిపించుకుంది.

"పిండేనండి. పొద్దున్నే నా చేతులతో రుబ్బాను. మీ దాంట్లో ఉన్నదే పిండి కాదు. ఆ మాట రాసుకుంటే రాసుకోండి, నా మీద కేసెడితే పెట్టుకోండి. పిండిని పిండి కాదనమంటే మాత్రం నా నోట రాదండి బాబూ."

తేజోమూర్తి చూపుడువేలు పిండిలో ముంచాడు. వాసన చూశాడు. నాలిక మీద పెట్టుకున్నాడు. ఒక్క క్షణం ఆయన ముఖంలో ఎప్పటిదో ఒక పొద్దుటిపూట వచ్చి కూర్చున్నట్టయింది. తర్వాత చేతి రుమాలుతో వేలు తుడుచుకుని పలక మీద రాశాడు: 'శాఖ ఎదుట ఒక తెల్లని, గుర్తు తెలియని, స్వయంగా పొంగు పదార్థము కనబడినది. దీనితో సంస్థకు ఎట్టి సంబంధము లేదు. ఇకముందు కూడా ఉండదు.'

పోర్టల్ పచ్చగా వెలిగి అంగీకరించింది.

"అంటే మేం అమ్ముకోవచ్చా సార్?" అంది సత్యవేణి.

"మీరేం అమ్ముతున్నారో మా దగ్గర సమాచారం లేదు," అన్నాడాయన హుందాగా. తర్వాత అక్కడే, గంగాళం పక్కనే నూకరత్నానికి శాలువా కప్పి ఫోటో తీయించుకున్నాడు. ఫోటోలో గంగాళం కనపడకుండా కత్తిరించారు.

ఆ ఏడు దశదిశ కాకినాడ శాఖ సంస్థ మొత్తానికి ప్రథమంగా నిలిచింది. కొనడం పత్రాల మీద అంత సజావుగా నడుస్తుంటే అమ్మడం మాత్రం ఎందుకు వెనకబడాలని అదీ పోర్టల్‌కి ఎక్కించారు. కొనుగోలుదార్ల రాకపోకల వల్ల నేల మాయడం తప్ప ప్రయోజనం లేదని తేలింది. షట్టరు దించారు. కరెంటు కలిసొచ్చింది. లోపల వ్యాపారం మాత్రం మునుపటికంటే బాగా సాగుతోందని వినికిడి.

బాపినీడును ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. అంత అన్యాయం చేసే సంస్థ కాదు. ఆయన రోజూ వచ్చినట్టు పోర్టలే నమోదు చేస్తుందనీ, రావలసిన పని లేదనీ తెలిపారు. నెల తిరిగేసరికి జీతం సూచన కూడా అందింది. ఆయన దాన్ని పట్టుకుని బ్యాంకుకి వెళ్ళాడు. అక్కణ్ణుంచి ఇంటికి పోలేక, నడుచుకుంటూ జగన్నాథపురం వచ్చాడు.

పెరట్లో గ్రైండర్లు తిరుగుతున్నాయి. పనిచేసే ఆడవాళ్ళిద్దరూ పప్పు నీళ్ళు వంచుతున్నారు. బాపినీడు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"రత్నంగారూ, మీ దగ్గర ఏదైనా పనుంటే... లెక్కలొచ్చు, దుకాణాలతో మాట్లాడ్డం వచ్చు. దరఖాస్తు ఎలా పెట్టుకోమంటారు?"

నూకరత్నం తల తిప్పి ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. ఇస్త్రీ చొక్కా, మెడలో ఇంకా దశదిశ కార్డు ఉన్నాయి. గ్రైండరులో పిండి తీసే వేళయింది. ఒక చెయ్యి తక్కువగానే ఉంది.

"పంపు అదిగోండి," అంది. "చేతులు మోచేతుల దాకా కడుక్కోండి."